ఒకే లెక్కకు రెండు జవాబులా?

"కంప్యూటర్ లెక్క తప్పదంటారు కదా, మరి ఒకే ప్రోగ్రాముని రెండు గ్రాఫిక్స్ కార్డుల మీద నడిపితే జవాబులు ఎందుకు కలవడం లేదు?" ఇంజనీరింగ్ చదివే పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ప్రాజెక్టు కోసం ఒక ప్రోగ్రాము రాస్తారు. ఇంట్లో ఉన్న కార్డు మీద ఒకసారి, కాలేజీ ల్యాబులో ఉన్న కార్డు మీద ఇంకోసారి నడుపుతారు. మొదటి అయిదారు అంకెలు కలుస్తాయి, తర్వాతవి కలవవు. ఒక్కోసారి అదే కార్డు మీద మళ్ళీ నడిపినా చివరి అంకెలు మారిపోతాయి. ప్రోగ్రాములో ఎక్కడో పొరపాటు చేశామనుకుని తెల్లవార్లూ వెతుకుతారు. చాలాసార్లు అక్కడ పొరపాటేమీ ఉండదు.

ప్రశ్నలోని మొదటి మాటను ముందు సరిచేసుకుందాం. పూర్ణాంకాలు వాటికి కేటాయించిన చోటులో పట్టినంతవరకు కంప్యూటర్ లెక్క తప్పదు. దశాంశాలు వచ్చాయంటే మాత్రం దాదాపు ప్రతి అడుగులోనూ కాస్త తప్పుతుంది. ఆ తప్పు ఎంతవరకు ఉండొచ్చు, ఎటువైపు ఉండొచ్చు అన్నదాని మీద కంప్యూటర్లు తయారుచేసేవాళ్ళ మధ్య ఒక ఒప్పందం ఉంది. గ్రాఫిక్స్ చిప్పుల కంపెనీలు ఆ ఒప్పందంలోకి ఆలస్యంగా వచ్చాయి. ఇప్పుడు కృత్రిమ మేధ కోసం మళ్ళీ దాని బయటికి నడుస్తున్నాయి.

నాలుగు గళ్ళ పద్దు పుస్తకం

ఒక కొట్లో పద్దు పుస్తకం ఉందనుకోండి. ఒక్కో పద్దుకి నాలుగే గళ్ళు, గడికి ఒక అంకె. పక్కన ఇంకో చిన్న గడిలో దశాంశ బిందువు ఎక్కడ పెట్టి చదవాలో రాస్తారు. ఈ ఏర్పాటుతో 1.234 రాయొచ్చు, 12,34,000 రాయొచ్చు, 0.0001234 కూడా రాయొచ్చు. అంకెలు అవే నాలుగు, బిందువు మాత్రం జరుగుతూ ఉంటుంది. దీన్నే కంప్యూటర్ భాషలో ఫ్లోటింగ్ పాయింట్ అంటారు. మనం చరబిందు సంఖ్య అందాం.

ఇంత చిన్న చోటులో అంత పెద్ద సంఖ్యలూ అంత చిన్న సంఖ్యలూ పట్టడం గొప్ప సౌకర్యమే. కానీ 12,347 రాయాలంటే ఈ పుస్తకంలో చోటు లేదు. 12,350 అని సవరించి రాసుకోవాల్సిందే. బళ్ళో దగ్గరి పదులకి సవరించమని నేర్పింది ఇదే పని.

కంప్యూటర్లో గడికి అంకె బదులు బిట్టు, అంటే 0 లేదా 1. సింగిల్ ప్రెసిషన్ అనే 32 బిట్ల పద్ధతిలో ఒక బిట్టు సంఖ్య ధనమా రుణమా చెబుతుంది. 8 బిట్లు బిందువు స్థానానికి పోతాయి. 23 బిట్లు అంకెలకి మిగులుతాయి. మొట్టమొదటి అంకె మామూలుగా 1 అయి తీరుతుంది కనుక దాన్ని రాయకుండానే ఉన్నట్టు లెక్క, కాబట్టి మొత్తం 24 గళ్ళు. మన దశాంశ పద్ధతిలో చెప్పాలంటే సుమారు 7 అంకెలు. 64 బిట్ల డబుల్ ప్రెసిషన్‌లో 53 గళ్ళు, అంటే 15 నుంచి 16 అంకెలు.

ఇప్పుడు ఆ 24 గళ్ళని దగ్గరగా చూద్దాం. వరుసగా ఒక్కటీ వదలకుండా రాయగలిగిన పూర్ణాంకాలు 1,67,77,216 దగ్గర ఆగిపోతాయి. దానికి 1 కలిపితే 1,67,77,217 రావాలి. అది రాయడానికి 25 గళ్ళు కావాలి. గడి చాలదు కనుక జవాబు మళ్ళీ 1,67,77,216గానే ఉండిపోతుంది. ఇంకో 1 కలపండి, కదలదు. ఒక్కొక్కటిగా కోటిసార్లు కలపండి, కదలదు. అదే ముందు 1కి 1 కలిపి 2 చేసుకుని, ఆ రెండుని ఒకేసారి కలిపితే 1,67,77,218 వస్తుంది, అదే సరైన జవాబు. కూడికలో వరుస మార్చినా ఫలితం మారదని చిన్నప్పుడు నేర్చుకున్న సూత్రం ఇక్కడ పనిచేయదు.

అదే కార్డు మీద రెండోసారి నడిపినా అంకెలు ఎందుకు మారతాయో ఇప్పుడు తెలిసిపోతుంది. గ్రాఫిక్స్ ప్రాసెసర్లో వేలకొద్దీ చిన్న లెక్కల యూనిట్లు ఒకేసారి పనిచేస్తాయి. లక్ష సంఖ్యల మొత్తం కావాలంటే వాటిని ముక్కలుగా పంచేస్తారు. చాలా ప్రోగ్రాముల్లో ఏ ముక్క ముందు పూర్తయితే అది ముందు కలుస్తుంది. ప్రతిసారీ అదే వరుసలో పూర్తి కావాలని లేదు. వరుస మారితే సవరింపులు మారతాయి, చివరి అంకెలు మారతాయి.

దీనికి అణువుల కదలికలని లెక్కించే ఆంబర్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు పెట్టిన విరుగుడు నాకు ఎంతో నచ్చుతుంది. 2013లో స్కాట్ లె గ్రాండ్, ఆండ్రియాస్ గోట్జ్, రాస్ వాకర్ దాన్ని వివరించారు. ఒక పరమాణువు మీద చుట్టుపక్కల పరమాణువులు చూపే బలాలని వాళ్ళు 32 బిట్లలోనే లెక్కిస్తారు. కలిపేముందు మాత్రం ఒక్కో బలాన్నీ 64 బిట్ల పూర్ణాంకంగా మార్చేస్తారు. పూర్ణాంకాలని ఏ వరుసలో కలిపినా మొత్తం ఒకటే. వేగం పోలేదు, ప్రతిసారీ చివరి బిట్టు దాకా ఒకే జవాబు వస్తుంది.

ఒప్పందం ఎలా కుదిరింది

1970లలో ప్రతి కంపెనీకి సొంత చరబిందు పద్ధతి ఉండేది. ఐబీఎం పెద్ద యంత్రాలు 16 ఆధారంగా లెక్కించేవి. డెక్ కంపెనీ వ్యాక్స్ యంత్రాలది వేరే అమరిక. సెమూర్ క్రే తయారుచేసిన సూపర్ కంప్యూటర్లు వేగానికి పెట్టింది పేరు, కానీ వాటి తీసివేతలో ఒక లోపం ఉండేది. దాన్ని మన పద్దు పుస్తకంలోనే చేసి చూద్దాం.

1.000 లోంచి 0.9999 తీసేయాలి. జవాబు 0.0001 అని నోటితోనే చెప్పేయొచ్చు. కానీ యంత్రం ముందు రెంటి బిందువులూ ఒకదాని కింద ఒకటి వచ్చేలా జరుపుకోవాలి. అలా జరిపినప్పుడు 0.9999 లోని చివరి 9 గళ్ళ బయటికి పోతుంది. దాన్ని పట్టుకోవడానికి అదనపు గడి లేకపోతే మిగిలేది 0.999. తీసివేస్తే 0.001 వస్తుంది. రావలసిన దానికి పది రెట్లు! ఒక్క గడి అదనంగా ఉంటే ఈ గొడవే ఉండదు. దాన్ని గార్డ్ డిజిట్ అంటారు, కాపలా అంకె అనుకోవచ్చు. ఐబీఎం తన సిస్టమ్ 360 యంత్రాల్లో డబుల్ ప్రెసిషన్ లెక్కలకి ఆ గడి పెట్టలేదు. వాడుకరులు గట్టిగా అడిగాక, అప్పటికే అమ్మేసిన యంత్రాల్లో కూడా మార్పు చేసిపెట్టింది. క్రే యంత్రాలు మాత్రం చాలాకాలం ఆ గడి లేకుండానే నడిచాయి.

అలాంటి యంత్రాల మీద పనిచేసే ప్రోగ్రామర్లు 1 లోంచి ఒక సంఖ్యని తీసేయాల్సి వస్తే నేరుగా తీసేవాళ్ళు కాదు. ముందు 0.5 లోంచి తీసి, వచ్చినదానికి మళ్ళీ 0.5 కలిపేవాళ్ళు. పైన చెప్పిన సంఖ్యతో చేసి చూడండి. 0.5000 లోంచి 0.9999 పోతే మైనస్ 0.4999, దానికి 0.5 కలిపితే 0.0001, సరిగ్గా కుదిరింది. ఎంతో తెలివైన ఉపాయం. కానీ ఒక తీసివేత చేయడానికి యంత్రం కడుపులో ఏముందో తెలుసుకోవాల్సి రావడం ఎంత భారమో ఆలోచించండి. వంతెనలకి, విమానాలకి, మందులకి లెక్కలు కట్టేవాళ్ళు వాళ్ళ శాస్త్రం చూసుకోవాలా, ఏ యంత్రంలో ఏ గడి లేదో గుర్తుపెట్టుకోవాలా?

ఈ భారం దించాలని పట్టుబట్టినవాడు బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గణితం, కంప్యూటర్ శాస్త్రం బోధించిన విలియం కహాన్. ఇంటెల్ కంపెనీ 8087 అనే లెక్కల చిప్పు తయారుచేసేటప్పుడు ఆయన సలహా తీసుకుంది. ఆ చిప్పు 1980లో వచ్చింది. అదే సమయంలో ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ అందరికీ ఒకే పద్ధతి ఉండాలని సంఘం వేసింది. కహాన్, ఆయన విద్యార్థి జెరోమ్ కూనెన్, హెరాల్డ్ స్టోన్ కలిసి ఒక ముసాయిదా ఇచ్చారు.

పెద్ద పోట్లాట ఎక్కడ వచ్చిందంటే అతి చిన్న సంఖ్యల దగ్గర. బిందువు గడి ఇక జరగలేనంత చిన్న సంఖ్య వస్తే ఏం చేయాలి? సున్నా రాసేయడం తేలిక. కానీ అలా చేస్తే రెండు వేర్వేరు సంఖ్యల తేడా సున్నా కావచ్చు. రెండూ సమానం కాదని చూసుకుని నిశ్చింతగా ఆ తేడాతో భాగించిన ప్రోగ్రాము బోర్లా పడుతుంది. ముసాయిదా చెప్పిందేమిటంటే, ఒక్కసారిగా సున్నా చేయొద్దు, ముందు గళ్ళలో సున్నాలు నింపుకుంటూ, అంకెలు ఒక్కొక్కటే పోగొట్టుకుంటూ మెల్లగా సున్నాకి చేరండి అని. ఇలాంటి సంఖ్యలని డీనార్మల్ సంఖ్యలంటారు. మనం క్షీణ సంఖ్యలు అందాం. దీన్ని చిప్పులో పెడితే వేగం తగ్గుతుందని డెక్ అభ్యంతరం చెప్పింది. ఈ ఏర్పాటు అక్కరలేదని తేల్చగలడన్న నమ్మకంతో జి. డబ్ల్యు. స్టీవర్ట్ అనే నిపుణుణ్ణి పరిశీలించమంది. 1981లో ఆయన అన్నీ చూసి, మెల్లగా క్షీణించడమే సరైన పద్ధతి అని తేల్చాడు. డెక్‌కి అది నచ్చలేదు కానీ వాదన బలం అటు మళ్ళింది.

ఐఈఈఈ 754 అనే ప్రమాణం 1985లో వెలువడింది. 1989లో కహాన్‌కి ట్యూరింగ్ పురస్కారం ఇచ్చారు. ఆ ప్రమాణంలో గుండెకాయ లాంటి నియమం ఒకటుంది. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం, ఈ అయిదింటిలో ఏది చేసినా, గళ్ళకి లోటే లేనట్టు పూర్తి జవాబు కట్టినట్టుగా ఉండాలి, ఆపైన ఒకే ఒక్కసారి దగ్గరి సంఖ్యకి సవరించాలి. ఇంకా, పట్టనంత పెద్దదైతే అనంతం అని రాయాలి, సున్నాని సున్నాతో భాగించమంటే "ఇది సంఖ్య కాదు" అని గుర్తు పెట్టాలి. తప్పు ఎలాగూ తప్పదు కనుక, అది అతి తక్కువగా ఉండాలి, ఎవరి యంత్రంలోనైనా ఒకేలా ఉండాలి. ఇంతకంటే పెద్ద మేలు లెక్కల ప్రపంచానికి ఆ దశాబ్దంలో ఎవరూ చేయలేదని నా నమ్మకం.

ఆటల బొమ్మలకి ఇంత నిక్కచ్చి ఎందుకు?

గ్రాఫిక్స్ చిప్పులు ఈ ఊరికి వేరే దారిన వచ్చాయి. వాటి పని తెర మీద రంగులు నింపడం. మామూలు తెర మీద ఎరుపు, పచ్చ, నీలం ఒక్కోదానికీ 256 స్థాయిలు. ఏడంకెల నిక్కచ్చితో లెక్క కట్టినా కంటికి కనిపించేది ఆ 256లో ఒకటి. ఆటలో సెకనుకి 60 బొమ్మలు గీయాల్సిన చిప్పు క్షీణ సంఖ్యల గురించి బెంగపెట్టుకోకపోవడంలో న్యాయం ఉంది.

అయినా ఆటల్లో కూడా ఈ గొడవ ఒకసారి వీధికెక్కింది. 2002లో ఏటీఐ కంపెనీ రేడియాన్ 9700 ప్రో కార్డు తెచ్చింది. మైక్రోసాఫ్ట్ వారి డైరెక్ట్‌ఎక్స్ 9 నియమాల ప్రకారం ఒక్కో చుక్క రంగు లెక్కకి కనీసం 24 బిట్లు వాడాలి, ప్రోగ్రామర్ ప్రత్యేకంగా అనుమతిస్తే 16కి దిగొచ్చు. ఏటీఐ సరిగ్గా 24 బిట్లకే చిప్పు కట్టింది: గుర్తుకి 1, బిందువుకి 7, అంకెలకి 16. పోటీదారు ఎన్విడియా 2003లో తెచ్చిన జీఫోర్స్ ఎఫ్ఎక్స్ కార్డుల్లో 16 ఉంది, 32 ఉంది, మధ్యలో 24 లేదు. 32 బిట్లతో నడిపితే నియమానికి మించిన నాణ్యత, కానీ వేగం బాగా పడిపోయేది. 16తో నడిపితే వేగం, కానీ నిక్కచ్చి చాలదు.

16 బిట్లంటే అంకెలకి 11 గళ్ళే. 0.5కి, 1కి మధ్య ఒక్కో మెట్టు 2048వ వంతు. రంగు ఒక్కటే అయితే అది ధారాళంగా సరిపోతుంది. గోడ మీద అతికించే బొమ్మ అడ్డంగా 4096 చుక్కలుంటే మాత్రం, ఆ బొమ్మ కుడి సగంలో పక్కపక్కనున్న రెండు చుక్కలని వేరుగా చూపించడానికే గళ్ళు చాలవు. అందుకే ఎక్కడ 16 చాలు, ఎక్కడ 32 కావాలి అని ప్రోగ్రామరే వరస వరసా చూసుకోవాల్సి వచ్చింది. హాఫ్ లైఫ్ 2 ఆట తయారుచేసిన వాల్వ్ కంపెనీ, ఎన్విడియా కార్డుల కోసమే 16నీ 32నీ కలిపి వాడే ప్రత్యేకమైన కోడ్ రాయాల్సి వచ్చిందని 2003లో బహిరంగంగానే చెప్పింది. ఆ రోజుల్లో పత్రికలు రెండు కార్డులనీ పక్కపక్కన పెట్టి సెకనుకి ఎన్ని బొమ్మలో అచ్చేసేవి. ఒకటి 24 బిట్లతో, ఇంకొకటి 16, 32 కలగలిపి లెక్కిస్తుంటే ఆ పోలికకి అర్థం ఎంత? ఎవరు ఏ లెక్క చేశారో చెప్పకుండా ఎవరు ముందొచ్చారో చెప్పడం పాఠకుడికి అన్యాయం.

తర్వాతి నియమావళిలో, అంటే 2004 నాటి షేడర్ మోడల్ 3లో, పూర్తి నిక్కచ్చి అంటే 32 బిట్లే అయింది. ఏటీఐ కూడా 2005లో ఎక్స్1800తో 32కి మారింది. 2003లో వేగంలో వెనకబడ్డ ఎన్విడియా ఎంపికే నిలిచింది. సైన్సు వాళ్ళు ఈ చిప్పుల వైపు చూడటానికి తలుపు తెరిచింది కూడా ఆ 32 బిట్లే.

సైన్సు తలుపు తట్టింది

2006 నవంబరులో ఎన్విడియా జీఫోర్స్ 8800 వచ్చింది. దానితోపాటే కుడా అనే ప్రోగ్రామింగ్ ఏర్పాటునీ ప్రకటించింది. ఇక బొమ్మలతో సంబంధం లేకుండా, ఏ లెక్కనైనా ఈ చిప్పు మీద చేయొచ్చు. వాతావరణం, అణువులు, భూకంపాలు, షేర్ల ధరలు, అన్ని రంగాలవాళ్ళూ ఎగబడ్డారు. అప్పుడు వాళ్ళకి కుడా చేతిపుస్తకంలో ఒక జాబితా ఎదురైంది. సింగిల్ ప్రెసిషన్‌లో క్షీణ సంఖ్యలు ఉండవు, సున్నా అయిపోతాయి. భాగహారం ప్రమాణం ప్రకారం జరగదు, విలోమం కట్టి గుణిస్తారు, చివరి గడిలో కొద్దిపాటి తేడా రావచ్చు. వర్గమూలమూ అంతే. గుణించి కూడే ఆదేశంలో మధ్యలో వచ్చిన గుణకారపు అంకెలని సవరించకుండా నరికేస్తారు. ఇవన్నీ దాచకుండా అచ్చేసినందుకు ఆ చేతిపుస్తకం రాసినవాళ్ళని మెచ్చుకోవాలి. చదివినవాళ్ళకి కనీసం దేంతో వ్యవహరిస్తున్నారో తెలిసింది.

డబుల్ ప్రెసిషన్ ముందు ఏటీఐని కొనేసిన ఏఎండీ వైపు నుంచే వచ్చింది, 2007 చివర్లో రేడియాన్ హెచ్‌డీ 3870లో. 2008లో ఎన్విడియా కూడా చేర్చింది, కానీ సన్నగా. టెస్లా సీ1060 కార్డు సింగిల్‌లో సెకనుకి 933 వందల కోట్ల లెక్కలు చేసేది, డబుల్‌లో 78 మాత్రమే. అదే ఏడాది ఏఎండీ హెచ్‌డీ 4870 డబుల్ వేగం 240. పూర్తి ప్రమాణబద్ధత దగ్గరికి రెండు కంపెనీలూ 2009, 2010లలో చేరుకున్నాయి. ఏఎండీది హెచ్‌డీ 5870, ఎన్విడియాది ఫెర్మీ. 2008లో సవరించిన ఐఈఈఈ 754లో కొత్తగా చేరిన ఒక ఆదేశం రెంటిలోనూ ఉంది. దాని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువమందిని తికమకపెట్టింది అదే.

మామూలుగా గుణించి కూడాలంటే, గుణించి ఒకసారి సవరిస్తాం, కూడి ఇంకోసారి సవరిస్తాం. కొత్త ఆదేశం రెండు పనులనీ కలిపేసి చివర్లో ఒక్కసారే సవరిస్తుంది. ఎఫ్ఎంఏ అంటారు, మనం జంట లెక్క అందాం. మన నాలుగు గళ్ళ పుస్తకంలో 1.003ని వర్గం చేసి 1 తీసేద్దాం. అసలు వర్గం 1.006009. పాత పద్ధతిలో ముందే సవరిస్తే 1.006, దాంట్లోంచి 1 పోతే 0.006. జంట లెక్కలో 1.006009 లోంచి నేరుగా 1 పోయి 0.006009 వస్తుంది. నాలుగు అంకెలూ నిజమైనవే. మెరుగు ఎంతో స్పష్టంగా ఉంది.

ఇంటెల్ మామూలు ప్రాసెసర్లలో ఈ ఆదేశం 2013 దాకా రాలేదు. అంటే మధ్యలో కొన్నేళ్ళు, గ్రాఫిక్స్ కార్డు జవాబుని మామూలు ప్రాసెసర్ జవాబుతో సరిపోల్చి, తేడా కనిపించగానే కార్డుదే తప్పని చాలామంది తీర్మానించుకున్నారు. నిజానికి కార్డే సత్యానికి దగ్గరగా ఉండేది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఒక సంఖ్య వర్గంలోంచి అదే సంఖ్య వర్గాన్ని తీసేస్తే సున్నా రావాలి. 1.025 తీసుకోండి. వర్గం 1.050625. రెండో వర్గాన్ని విడిగా కట్టి సవరిస్తే 1.051 అవుతుంది. మొదటి వర్గాన్ని జంట లెక్కలో పెడితే 1.050625 లోంచి 1.051 పోయి మైనస్ 0.000375 వస్తుంది. సున్నా రావాల్సిన చోట రుణ సంఖ్య! తర్వాతి వరసలో దాని వర్గమూలం అడిగితే "ఇది సంఖ్య కాదు" అన్న గుర్తు వచ్చి, అక్కణ్ణుంచి లెక్కంతా పాడవుతుంది. ఇక్కడ ప్రతి ఆదేశమూ ప్రమాణాన్ని అక్షరాలా పాటించింది. ఏ రెంటిని జంట చేయాలన్నది మాత్రం ప్రోగ్రాముని చిప్పు ఆదేశాలుగా మార్చే కంపైలర్ ఇష్టం. ప్రమాణం ఒక్కో అడుగుకి హామీ ఇస్తుంది, నడిచే దారికి ఇవ్వదు. ప్రమాణబద్ధం అని పెట్టె మీద రాసి ఉన్న రెండు కార్డులు వేర్వేరు జవాబులిచ్చినా రెండూ నిజం చెబుతున్నట్టే.

2008 చివర్లో ఓపెన్‌సీఎల్ అనే ఉమ్మడి ఏర్పాటు వచ్చింది, ఏ కంపెనీ కార్డు మీదైనా ఒకే ప్రోగ్రాము నడవాలని. అందులో కూడా సింగిల్ ప్రెసిషన్ భాగహారంలో చివరి గడిలో రెండున్నర వరకు తేడా ఉండొచ్చన్నారు. క్షీణ సంఖ్యలు ఉంచడం తయారీదారు ఇష్టానికి వదిలేశారు. ప్రోగ్రాము అన్ని చోట్లా నడుస్తుంది, జవాబు ఒకటే అని ఎవరూ మాటివ్వలేదు. ఆ తేడా వాడుకరుల్లో ఎంతమందికి తెలుసు?

డబుల్ ప్రెసిషన్ విషయానికొస్తే అది వ్యాపార వస్తువైపోయింది. ఫెర్మీ చిప్పు శాస్త్రవేత్తల కార్డులో సింగిల్ వేగంలో సగంతో డబుల్ లెక్కలు చేసేది. అదే చిప్పుని ఆటల కార్డులో పెట్టి ఎనిమిదో వంతుకి కుదించారు. 2022 నాటి ఆర్‌టీఎక్స్ 4090లో అది 64వ వంతు. లెక్కలన్నీ ప్రమాణబద్ధమే, ఓపిక ఉంటే.

ఒకే ఎనిమిది బిట్లు, రెండు విలువలు

కృత్రిమ మేధకి ఆధారమైన న్యూరల్ నెట్‌వర్కులు వచ్చాక గాలి మళ్ళీ తిరిగింది. వాటికి నిక్కచ్చి కంటే పరిమాణం ముఖ్యం. కోట్లాది సంఖ్యలని తక్కువ బిట్లలో కుదిస్తే మెమరీ మిగులుతుంది, వేగం పెరుగుతుంది. చిన్న సవరింపుల వల్ల నెట్‌వర్కు చెడిపోదని అనుభవంలో తేలింది. అందుకని కంపెనీలు కొత్త కొత్త అమరికలు తెచ్చాయి.

2020లో ఎన్విడియా ఏ100 చిప్పుతో టీఎఫ్32 వచ్చింది. పేరులో 32 ఉంది. గుణకారంలోకి వెళ్ళేది మాత్రం 19 బిట్లే, అంకెలకి 11 గళ్ళు. 2049ని అందులో ఉన్నదున్నట్టు రాయడానికి చోటు లేదు. పైటార్చ్ అనే పేరుపొందిన సాఫ్ట్‌వేర్ కొన్ని వెర్షన్లలో దీన్ని ఎవరూ అడగకుండానే మాట్రిక్స్ గుణకారాలకి వాడింది. 2022లో వచ్చిన 1.12 నుంచి మానేసింది, కావాలనుకున్నవాళ్ళు కోరి పెట్టుకోవాలి. ఆ మార్పు సరైనదని గట్టిగా అంటాను. నిక్కచ్చి తగ్గించే హక్కు ఆ లెక్క ఎందుకు చేస్తున్నాడో తెలిసినవాడికే ఉండాలి. నెట్‌వర్కు వాడికి అది వరం, అదే కార్డు మీద నిర్మాణాల ఒత్తిళ్ళు లెక్కగట్టేవాడికి అది చెప్పకుండా తీసిన గొయ్యి.

చిప్పులో ఈ మాట్రిక్స్ గుణకారాలు చేసే యూనిట్ల లోపల ఏం జరుగుతుందో ఎన్విడియా పూర్తిగా చెప్పదు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో నికొలస్ హైయమ్, ఆయన సహచరులు బయటి నుంచే ఏరి కోరిన సంఖ్యలు పంపి, వచ్చిన జవాబులని బట్టి లోపలి సంగతి పసిగట్టారు. 2021లో ప్రచురించారు. ఎన్విడియా యూనిట్లలో మధ్య కూడికలు దగ్గరి సంఖ్యకి సవరించవు, మిగులుని నరికేస్తాయి. అదనపు గళ్ళు ఎన్ని అన్నది ఒక తరం చిప్పుకీ ఇంకో తరానికీ మారింది. అంటే పోటీ కంపెనీల సంగతి అటుంచి, ఒకే కంపెనీ రెండు చిప్పులు కూడా ఒకే లెక్కకి ఒకే జవాబు ఇస్తాయన్న భరోసా లేదు.

క్షీణ సంఖ్యల పాత తగాదా కూడా తిరిగొచ్చింది. అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల వారి ఫ్రాంటియర్ సూపర్ కంప్యూటర్లో ఏఎండీ ఎంఐ250ఎక్స్ చిప్పులున్నాయి. ఆ తరం చిప్పుల మాట్రిక్స్ ఆదేశాలు 16 బిట్లలో క్షీణ సంఖ్యలని సున్నా చేసేస్తాయి. దానికి ముందు తరం చేయదు, తర్వాతి తరమూ చేయదు. 32 బిట్లలో అయితే క్షీణ సంఖ్యలు ఊహకందనంత చిన్నవి, పోయినా చాలా లెక్కలకి తెలియదు. 16 బిట్ల హాఫ్ ప్రెసిషన్‌లో అవి 0.00006 దగ్గరే మొదలవుతాయి. నెట్‌వర్కుకి నేర్పేటప్పుడు వెనక్కి పంపే దిద్దుబాటు సంఖ్యలు తరచుగా ఆ పరిధిలోనే ఉంటాయి. అవి సున్నా అయితే నెట్‌వర్కు నేర్చుకోవడం ఆగిపోవచ్చు. పైటార్చ్ వాళ్ళు తమ పత్రాల్లో ఈ సంగతి రాసి, నేర్పే దశలో వెనక్కి వచ్చే లెక్కలకి వేరే దారి పెట్టారు. 1981లో స్టీవర్ట్ చెప్పిన మాట నలభై ఏళ్ళ తర్వాత కూడా ఇంత సూటిగా తగులుతోంది.

అన్నిటికంటే విచిత్రమైన కేసు 8 బిట్లది. 2022లో ఎన్విడియా, ఆర్మ్, ఇంటెల్ కలిసి 8 బిట్ల అమరిక ఒకటి ప్రతిపాదించాయి. అందులో గుర్తుకి 1, బిందువుకి 4, అంకెలకి 3. అదే ఏడాది ఏఎండీ, గ్రాఫ్‌కోర్, క్వాల్‌కామ్ ఇంకొకటి ప్రతిపాదించాయి. పైపైన చూస్తే గళ్ళ పంపకం అదే, 1, 4, 3. కానీ బిందువు గడిని ఎక్కడి నుంచి లెక్కపెట్టాలన్నది ఒక మెట్టు తేడా. 00111000 అన్న ఎనిమిది బిట్లని ఎన్విడియా హెచ్100 చిప్పు 1 అని చదువుతుంది. 2023 చివర్లో వచ్చిన ఏఎండీ ఎంఐ300ఎక్స్ అవే బిట్లని 0.5 అని చదువుతుంది. 10000000 అన్న బిట్లు ఒకదానికి రుణ సున్నా, ఇంకోదానికి "ఇది సంఖ్య కాదు". మొదటిదాంట్లో అతి పెద్ద సంఖ్య 448, రెండోదాంట్లో 240.

హెచ్100 కోసం తయారుచేసిన నెట్‌వర్కు ఫైలుని ఎంఐ300ఎక్స్ మీద నేరుగా పెడితే ప్రతి సంఖ్యా సగమైపోతుంది. అందుకే సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఫైలు తెరిచేటప్పుడే ఆ సంఖ్యలని గుణించే స్కేలుని రెట్టింపు చేసి, ఆ రుణ సున్నాలన్నిటినీ ఏరి మామూలు సున్నాలుగా మారుస్తారు. 0.5 లోంచి తీసి మళ్ళీ 0.5 కలిపిన పాత ప్రోగ్రామర్ల పని లాంటిదే ఇది. యంత్రం కడుపులో ఏముందో మళ్ళీ గుర్తుపెట్టుకోవాల్సి వస్తోంది.

2023లో ఓపెన్ కంప్యూట్ ప్రాజెక్ట్ అనే ఉమ్మడి వేదిక మొదటి అమరికనే అందరికీ అని ఖాయం చేసింది. దాని తయారీలో ఎన్విడియా, ఏఎండీ రెండూ పాల్గొన్నాయి. చిప్పు కట్టడానికి ఏళ్ళు పడుతుంది కనుక ఎంఐ300ఎక్స్ పాత అమరికతోనే బయటికొచ్చింది. 2025 నాటి ఎంఐ350 తరంలో ఏఎండీ కొత్త ఒప్పందానికి మారింది. ఐఈఈఈ కూడా పీ3109 అనే కార్యవర్గాన్ని వేసి, ఇలాంటి చిన్న సంఖ్యలకి తన సొంత ప్రమాణం తయారుచేస్తోంది. ఆ వర్గం మధ్యంతర నివేదికలో రుణ సున్నా లేదు. 10000000కి "ఇది సంఖ్య కాదు" అనే అర్థమే ఇచ్చారు, అంటే ఏఎండీ ఇప్పుడిప్పుడే వదిలేసిన పద్ధతి.